లేని అంగుళం

దర్జీ టేపుకి మొదటి అంగుళం లేదు. కొసన ఉండే ఇత్తడి రేకు ఏనాడో ఊడిపోయింది. దాని వెనకే అంగుళం మేర పీలికలైపోతే, ఒకరోజు విసుగెత్తి తనే కత్తెరతో సాపు చేసేశాడు. అప్పటినుంచి ఆ టేపు ఒకటి దగ్గర మొదలవుతుంది. ఛాతీకి చుట్టి చూస్తే ముప్పై తొమ్మిది కనిపిస్తుంది, దర్జీ ముప్పై ఎనిమిది అని చెబుతాడు. కొత్తది కొనుక్కోమని భార్య ఏడాదికోసారి గుర్తుచేసేది. ఆయన ఏడాదికోసారి అలాగేలే అనేవాడు. ఇరవై రెండేళ్ళుగా తీసేస్తున్న ఒకటి కాబట్టి లెక్క వెయ్యాల్సిన పనే లేదు, కళ్ళు చూస్తుండగానే నోరు తగ్గించి పలికేది.

అలాంటి నోరు ఒక్కసారి పొరపాటు చేసింది. చేసి చేసి కన్నకొడుకు దగ్గరే చేసింది.

బడులు తెరవడానికి ముందు నెల అది. దుకాణంలో నీలం గుడ్డ నడుం ఎత్తున పేరుకుపోయింది. పొద్దున్న ఆరింటికి మిషను మీద కాలు పెడితే మధ్యాహ్నానికి ఆ కాళ్ళు తనవేనా అనిపించేది. భార్య ఇంట్లో కూర్చుని కాజాలు కుట్టేది. కుట్టి కుట్టి చూపుడువేలు చిల్లులు పడి, గిన్నెలు తోమడానికి చెయ్యి నీళ్ళలో పెట్టలేకపోయేది. ఆ నెలంతా మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకున్న మాటలు పోగేస్తే ఒక పోస్టుకార్డు నిండదు. పని ఉన్నందుకు సంతోషించాలని ఇద్దరికీ తెలుసు. సంతోషించడానికి కూడా కాస్త ఓపిక ఉండాలి కదా.

కొడుక్కి అప్పుడు పదిహేనేళ్ళు. అంతకుముందు ఏడాది ఊపిరితిత్తికి నీరు పట్టింది. పక్కటెముకల మధ్య గొట్టం వేసి నీరు తీశారు, నెలల తరబడి మందులు మింగించారు. జబ్బు పోయింది. పోతూ పోతూ మనిషిలో సగాన్ని వెంట పట్టుకుపోయింది. జబ్బు బయటపడకముందే బడిలో వాడికి 'హ్యాంగర్' అని పేరు పెట్టారు, చొక్కా వేసుకున్నట్టు కాక తగిలించినట్టు ఉంటాడని. దర్జీ కొడుక్కి ఆ పేరు పెట్టిన కుర్రాడెవడోగానీ బుర్ర ఉన్నవాడే. అంత బుర్ర ఒక మంచిపనికి వాడి ఉంటే బాగుపడేవాడు.

కొడుకు బాధకి తండ్రి తన విద్యలోనే మందు వెతికాడు. దర్జీ విద్యలో సగం ఉన్నదాన్ని చూపించడం, మిగతా సగం లేనిదాన్ని ఉన్నట్టు చూపించడం. కొడుకు చొక్కాల భుజాల్లో దళసరి పట్టీలు పెట్టాడు. ఛాతీ భాగానికి లోపల రెండు పొరల అస్తరు వేశాడు. ఎంత ఎండ కాస్తున్నా కుర్రవాడు ఆ చొక్కాలే మెడదాకా గుండీలు పెట్టుకుని తిరిగేవాడు. తిరగడమంటే ఎక్కడికీ కాదు, మంచం నుంచి కిటికీ దాకా. స్నానాల గదిలోంచి కూడా గుండీలన్నీ పెట్టుకునే బయటికి వచ్చేవాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక కొడుకు ఒళ్ళు ఎలా ఉందో కన్నవాళ్ళు చూడనే లేదు.

ఏడాది పోయింది, ఇక బడికి పంపాలి. బట్టలు కుట్టాలని ఒక సాయంత్రం దర్జీ వాణ్ణి దుకాణంలో నిలబెట్టి టేపు చుట్టాడు. మూడు నెలల కిందట ఇరవై ఎనిమిది ఉన్న ఛాతీ. ఇప్పుడు టేపు మీద ఇరవై తొమ్మిది కనిపించింది. అంటే ఇరవై ఎనిమిదే. మూడు నెలల పాలూ గుడ్లూ ఎటు పోయాయో దేవుడికే తెలియాలి. కానీ ఆ రోజుకి అది నలభై ఒకటో ఛాతీ. దర్జీ కళ్ళు మూతలు పడుతున్నాయి. తగ్గించాల్సిన నోరు తగ్గించకుండా ఇరవై తొమ్మిది అనేసింది.

కొడుకు చప్పున తలెత్తాడు. నేల మీదనుంచి ఎన్నో నెలలుగా లేవని మొహం అది. కళ్ళు పెద్దవి చేసి, నోరు సగం తెరిచి, తండ్రివైపు చూశాడు. ఆ చూపు చూసేసరికి దర్జీ ఒంట్లో అలసటంతా ఎగిరిపోయింది. తను నోరు జారిన సంగతి అప్పటికే తట్టింది. అయినా నాలుక వెనక్కి రాలేదు. నవ్వొచ్చింది, నవ్వేశాడు. పెరిగావురా అని కొడుకు వీపు తట్టాడు. కుర్రవాడు తెరిచిన నోరు మూసుకుని, కాసేపటికి ఊఁ అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వాడు తల్లి దగ్గరికి వెళ్ళి, ఎదురు వరసలో ఉన్న వ్యాయామశాలకి వెళ్తానని అడిగాడు. తల్లి ముక్కున వేలేసుకుంది. డాక్టర్ని అడిగితే, వెళ్ళమనండి, ఊపిరి పట్టేస్తే మాత్రం ఆగమనండి అన్నాడు. ఇదంతా తన అంగుళం మహిమే అని దర్జీ లోలోపల పొంగిపోయాడు.

ఆ వ్యాయామశాల టైర్ల దుకాణం మీద మొదటి అంతస్తులో ఉంది. మెట్లు బయటినుంచి ఉంటాయి. లోపల తుప్పు పట్టిన బరువుల పళ్ళాలు, తోలు చినిగిన రెండు బల్లలు, పొడవాటి అద్దం, ఆ అద్దం మీద కప్పిన పాత దుప్పటి. కొత్తగా చేరినవాళ్ళు అద్దం చూసుకోకూడదని మాస్టారి నియమం. ఆయన వయసులో ఉండగా గోదాముల్లో బస్తాలు మోసినవాడు. మోకాళ్ళు అరిగిపోయి ఇప్పుడు ప్లాస్టిక్ కుర్చీలోంచి లేవడు. టేపులన్నా ఫొటోలన్నా ఆయనకి ఒళ్ళుమంట. ముందు మోయడం నేర్చుకోండి, చూసుకోవడం దానంతటదే వస్తుందనేవాడు.

హ్యాంగర్‌ని ఎగాదిగా చూసి ఆయన ఇనుపరాడ్డు ఇవ్వలేదు. నేల తుడిచే కర్ర ఇచ్చాడు. దాన్ని తలపైకి ఎత్తడం, దించడం. మూడు వారాలు అదే. చూసి నవ్విన ఇద్దరు కుర్రాళ్ళ చేత మాస్టారు అదే కర్రతో గది మొత్తం తుడిపించాడు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. ఉత్త రాడ్డు చేతికి వచ్చేసరికి నెల దాటింది. దానికి చెరో పక్కా చిన్న పళ్ళెం ఎక్కేసరికి మూడో నెల పడింది. రోజూ ఒకే పని, రోజూ ఒకే ఆయాసం. ఇందులో చప్పట్లు కొట్టాల్సింది ఏమీ లేదు.

దర్జీకి మిషను ముందు కూర్చుంటే ఆ మెట్లు కనిపించేవి. మొదటిరోజు కొడుకు పైకి చేరేలోగా నాలుగుసార్లు ఆగాడు. ఆగినప్పుడల్లా దర్జీ కాలు మిషను మీద ఆగిపోయేది. రెండు నెలలకి రెండుసార్లే ఆగాడు. చలికాలం వచ్చేసరికి అసలు ఆగలేదు. ఆ రోజు ఆయన కళ్ళు చెమర్చి ఎవరిదో ప్యాంటు జేబు తలకిందులుగా కుట్టేశాడు.

ఇంట్లో గుడ్ల వాడకం డజన్లకి ఎక్కింది. తెల్లసొన కొడుక్కి, పచ్చసొనలు పారేయలేక అమ్మకీ నాన్నకీ. ఆరు నెలలు తిరిగేసరికి ముందుగా ఒళ్ళు చేసింది వాళ్ళిద్దరే. కొడుకు మాత్రం తీరిగ్గా, నెమ్మదిగా పెరిగాడు. బడికి వెళ్ళడం మొదలుపెట్టాడు. హ్యాంగర్ అని పిలిచినవాళ్ళకి బదులు చెప్పేవాడు కాదు, దారి మార్చుకునేవాడూ కాదు. అడిగిందానికి తలెత్తి జవాబు చెప్పేవాడు. తల్లికి అదే కొండంత.

నెలకోసారి, మొదటి ఆదివారం, దర్జీ కొడుక్కి కొలత తీసేవాడు. అస్తరు వేసిన ఆ చొక్కా మీదే తీసేవాడు. టేపు మీద ఏది కనిపిస్తే అదే పైకి చెప్పేవాడు. ఒకసారి ఎక్కువ చెప్పాక ఇక దిగిరావడానికి దారేది? నిజం చెబితే ఆ నెలకి కొడుకు అంగుళం తరిగిపోయినట్టే. అసలే ఊపిరితిత్తి జబ్బు, తరగడమనే మాట వింటే గుండె జారిపోతుంది. అందుకని ఊళ్ళోవాళ్ళందరికీ ఒకటి తీసి చెప్పేవాడు, కొడుక్కి మాత్రం తీయకుండా చెప్పేవాడు.

అది చెప్పినంత తేలిక కాదు. ఇరవై రెండేళ్ళ అలవాటుని ఒక్క మనిషి కోసం ఆపాలి. ఒక ఆదివారం మరుపున తగ్గించేసి, పోయిన నెల చెప్పిన ముప్పై ఒకటే మళ్ళీ అనేశాడు. వెంటనే పొలమారినట్టు దగ్గి, కాదు కాదు ముప్పై రెండు అని దిద్దుకున్నాడు. కొడుకు చేతులు దించి చొక్కా సర్దుకున్నాడు. ఇంకోసారి గుమాస్తా ఒకాయనకి తీయడం మానేసి కోటు అంగుళం వదులుగా కుట్టిపెట్టాడు. ఆయన అది తొడుక్కుని, పథ్యం బాగా పనిచేసిందని మురిసిపోతూ వెళ్ళాడు. దర్జీ మాత్రం, చేతి విద్య కూడా చెడిపోతోందే అనుకున్నాడు.

ఇక ఆగలేక ఒకరోజు భార్యకి చెప్పుకున్నాడు. ఆమె కాజా మీదనుంచి తల ఎత్తకుండానే విన్నది. చెప్పెయ్యండి, పోయేదేముంది అన్నది. పోయేదేముందని ఆమెకేం తెలుసు? వాడు ఆ అంగుళం మీదే లేచి నిలబడ్డాడు, దాన్ని లాగేస్తే మళ్ళీ మంచం మీద పడతాడు. దర్జీ భయం అదొక్కటే. నిద్రలో కూడా అదే లెక్క నడిచేది. కొడుకు కండ పెరుగుతున్నకొద్దీ తండ్రి మొహం పీక్కుపోయింది.

అలా పద్దెనిమిది నెలలు లాక్కొచ్చాక మాస్టారు తెచ్చాడు ముప్పు. నాలుగు వ్యాయామశాలల కుర్రాళ్ళు కలిసి ఒక పోటీ ప్రదర్శన పెట్టుకున్నారు. తన తరఫున వెళ్ళే అయిదుగురికీ ఒకే రంగు జాకెట్లు ఉండాలని మాస్టారికి సరదా పుట్టింది. అయిదుగురిలో కొడుకు ఉన్నాడు. కొలతలు ఆదివారం దుకాణంలోనే తీసేయమని కబురు వచ్చింది. దర్జీకి ఆ వారం అన్నం సయించలేదు. గుడ్డ అబద్ధం ఆడదు, జాకెట్టు అసలు కొలతకే కుట్టాలి. ముప్పై ఆరు అని కొడుకు వాళ్ళందరికీ చెప్పుకునే ఉంటాడు. అక్కడ, వాళ్ళందరి ముందు, ముప్పై అయిదు అని తన నోటితో తను చెప్పాలి. కొత్త టేపు కొంటే? మొదటి చుట్టుకే బండారం బయటపడుతుంది. ఒంట్లో బాగాలేదని పడుకుంటే? ఇవాళ కాకపోతే రేపు వస్తారు. ఎటు తిరిగినా గోడే.

ఆదివారం పదకొండింటికి మాస్టారు ఎదురు మెట్లు ఒక్కొక్కటీ తిట్టుకుంటూ దిగి వచ్చి స్టూలు మీద కూలబడ్డాడు. చేతిలో కాగితం, చెవి మీద పెన్సిలు. వెనకే కుర్రాళ్ళు. షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది, వీధిలో పోయేవాళ్ళు తలతిప్పి చూసిపోతున్నారు. దర్జీ ముందుగా పొడుగోడు అని పిలిచే కుర్రాణ్ణి నిలబెట్టాడు. వాడు బనీను మీద ఉన్నాడు, గాలి పీల్చి ఛాతీ ఉబ్బించాడు. దర్జీ టేపు చుట్టి, ముప్పై ఏడు అన్నాడు. మాస్టారు రాసుకున్నాడు.

పొడుగోడు మెడ వంచి టేపు వైపు చూసుకున్నాడు.

"బాబాయ్, ఇక్కడ ముప్పై ఎనిమిది ఉంది కదా. ఒకటి మీరేమైనా తినేశారా?"

మిగతావాళ్ళు నవ్వారు. దర్జీ నీళ్ళు నమిలాడు. చెప్పాల్సింది రెండే రెండు ముక్కలు, ఏ గిరాకీ అడిగినా చెప్పే ముక్కలే. ఆ గదిలో కొడుకు లేకపోతే ఎప్పుడో చెప్పేసేవాడు. టేపుని పొడుగోడి ఒంటి మీదనుంచి లాగి మడవసాగాడు.

"ఆ టేపుకి మొదటి అంగుళం లేదు. తెగిపోయింది. కనిపించినదాంట్లోంచి ఒకటి తీసి చెప్పాలి." గోడకి ఆనుకుని నిలబడ్డ కొడుకు అన్నాడు. టైము ఎంతయిందంటే చెప్పినట్టు చెప్పాడు.

దర్జీ తల తిప్పలేకపోయాడు. తర్వాతి ముగ్గురికీ కొలతలు ఎలా తీశాడో ఆయనకే తెలియదు. నోరు దానంతటది పలికింది, మాస్టారు రాసుకున్నాడు. వీడికి తెలుసు. ఎప్పటినుంచి తెలుసు? తెలిసి పద్దెనిమిది నెలలు నా ముందు చేతులెత్తి ఎలా నిలబడ్డాడు?

అయిదోవాడుగా కొడుకు ముందుకి వచ్చాడు. వచ్చి, మెడ దగ్గర గుండీ తీశాడు. తర్వాతది తీశాడు. పట్టీలూ అస్తరూ ఉన్న ఆ చొక్కా మొత్తం విప్పి బల్ల మీద పెట్టాడు. ఎడమవైపు పక్కటెముకల మధ్య, గొట్టం వేసిన చోట, రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ. వీధిలో సైకిలు మీద పోతున్న మనిషి చూశాడు. పొడుగోడు చూశాడు. అందరికంటే ఎక్కువగా చూసింది తండ్రి. భుజాలు నిండి ఉన్నాయి, వెన్ను నిటారుగా ఉంది. తను ఇన్నాళ్ళూ గుడ్డతో కప్పిపెట్టింది ఇదా అనుకున్నాడు. ఎవడి ఒంటినో చూస్తున్నట్టు బెరుకు వేసింది ఆయనకి. ఇంత చూసుకోవాల్సినదాన్ని చూసుకోకుండా పోయానే అని ఏడుపొచ్చింది.

టేపు చుట్టాడు. ఉత్త ఒంటి మీద ముప్పై అయిదే కనిపించింది. ఒకటి తీయాలా వద్దా అన్నది ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయనకి పెద్ద ప్రశ్నయింది.

కొడుకు కిందికి చూసుకున్నాడు.

"ముప్పై నాలుగు. రాసుకోండి మాస్టారూ."

మాస్టారు రాసుకున్నాడు. ఆయనకి అది అయిదింట్లో ఒక అంకె, అంతే. కాగితం మడిచి దర్జీ చేతికిచ్చి, జాకెట్లు మరీ వదులుగా కుట్టకయ్యా, మా వాళ్ళు సంచుల్లో దూరినట్టు ఉంటారు అని చెప్పి, మళ్ళీ మెట్లని తిట్టుకుంటూ ఎక్కడానికి బయల్దేరాడు. కుర్రాళ్ళూ వెళ్ళిపోయారు.

దుకాణంలో ఇద్దరే మిగిలారు. దర్జీ గడప మీద చతికిలబడ్డాడు. కొడుకు చొక్కా తొడుక్కోకుండానే వచ్చి పక్కన కూర్చున్నాడు. ఎండ నెత్తిమీదికి వచ్చింది, టైర్ల దుకాణం మూసి ఉంది, వీధిలో ఎవరూ లేరు.

"ఎప్పటినుంచి తెలుసురా?"

"మొదటిరోజు నుంచీ. చిన్నప్పుడు ఆ టేపు పెట్టే కదా నాన్నా, నాకు తీసివేతలు నేర్పావు."

దర్జీ ఆ సంగతే మర్చిపోయాడు. ఇదే గడప మీద నాలుగేళ్ళ పిల్లవాణ్ణి కూర్చోబెట్టి, పన్నెండులోంచి ఒకటి పోతే ఎంత, ఇరవైలోంచి ఒకటి పోతే ఎంత అని అడిగింది తనే. మరి ఆ రోజు ఇరవై తొమ్మిది అనగానే నీ మొహం వెలిగిపోయిందే, సంతోషపడ్డావనుకున్నాను అన్నాడు.

"సంతోషం కాదు. ఒకటి తీయడం మర్చిపోయావని చెబుదామని తలెత్తాను. ఈలోగా నువ్వు నవ్వావు." కొడుకు ఎదురుగా ఉన్న మెట్లవైపు చూస్తున్నాడు. "నేను ఆస్పత్రిలో చేరినప్పటినుంచి నువ్వు నవ్వగా చూడటం అదే మొదటిసారి. ఇంక ఎలా చెప్పను?"

కొడుకు నెమ్మదిగా చెప్పుకుపోయాడు. ఒక్క అంగుళమే కదా, అది పెంచేస్తే నాన్న మాట అబద్ధం కాకుండా పోతుందనుకున్నాడట. అందుకే ఆ మర్నాడు అమ్మని అడిగాడట. కర్ర ఎత్తినా, రాడ్డు ఎత్తినా, మెట్ల మీద ఊపిరి అందక కూర్చున్నా, వాడి కళ్ళముందు ఉన్నది ఇరవై తొమ్మిదే. తీరా ఇరవై తొమ్మిది అయ్యేసరికి నాన్న ముప్పై అన్నాడు. ముప్పైకి వచ్చేసరికి ముప్పై ఒకటి అన్నాడు.

"ఎంత చేసినా నీకంటే ఒకటి వెనకే ఉన్నాను. ఆ బరువులదేముంది నాన్నా, ఎత్తుతాం, దించేస్తాం. దీన్ని దించడానికి చోటు దొరకలేదు. ఇవాళ దించేశాను. అలిసిపోయాను."

క్షమించమని అడుగుదామా అనుకున్నాడు దర్జీ. నీకోసమేరా అందామనుకున్నాడు. ఏడాదిన్నరగా తనూ నిద్రలేకుండా ఇదే మోశానని చెబుదామనుకున్నాడు. అంత మాట్లాడే ఓపిక ఒంట్లో లేదు.

"నేనూ అలిసిపోయాన్రా," అన్నాడు.

ఎండ గడప దాటి లోపలికి జరిగింది. దర్జీ కళ్ళు మూసుకున్నాడు, ఒక్క నిమిషం అనుకునే మూసుకున్నాడు. తల పక్కకి ఒరిగి కొడుకు భుజం మీద ఆగింది. నోరు కొద్దిగా తెరుచుకుంది, సన్నగా గురక మొదలైంది.

భోజనానికి పిలుద్దామని వచ్చిన తల్లి వీధి మధ్యలోనే ఆగిపోయింది. మొగుడు పట్టపగలు గడప మీద నిద్రపోతున్నాడు. కొడుకు ఒంటి మీద చొక్కా లేకుండా, మచ్చ కనిపించేలా, నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆమె ఏదో అనబోయింది. వాడు భుజం కదలకుండా రెండో చేత్తో సైగ చేశాడు, కాసేపు ఆగమని.